వలిసె పువ్వు: అబిసీనియా నుంచి దేవమాలి దాకా

కార్తీకం వచ్చేసరికి కొరాపుట్ కొండలు పసుపు పూసుకుంటాయి. సెమిలిగుడ దాటి పొట్టంగి వైపు వెళ్తుంటే దారి పక్క వాలుల్లో వలిసె చేలు కనిపిస్తాయి. అరకు వెళ్లినవాళ్లు ఆగి ఫొటోలు దిగేది ఈ పూల మధ్యనే. ఒడియాలో అళసి, హిందీలో రామ్‌తిల్ అంటారు.

ఇంతగా ఈ మట్టిలో కలిసిపోయిన మొక్కకు పుట్టిల్లు ఇథియోపియా ఎత్తు నేలలు. అక్కడ దీని పేరు నూగ్. శాస్త్రీయ నామం గిజోటియా అబిసినికా. అబిసీనియా ఇథియోపియాకు పాత పేరు. మొదటి మాట 1829లో ఫ్రెంచి చరిత్రకారుడు గిజో పేరు మీద పెట్టింది. రాగులు కూడా తూర్పు ఆఫ్రికా కొండల నుంచి వచ్చినవే. రెండూ కలిసే సముద్రం దాటి ఉంటాయని శాస్త్రజ్ఞుల అంచనా. కొరాపుట్, రాయగడ కొండల్లో అవి నేటికీ ఇరుగుపొరుగు పైర్లే.

పువ్వును దగ్గరగా చూడండి. చుట్టూ ఇంచుమించు ఎనిమిది రేకులు. నడిమి బొడ్డంతా బుల్లిబుల్లి పూలే. అవి అంచు నుంచి లోపలికి, వరసవరసగా విచ్చుకుంటాయి. తేనెటీగ ఆ బొడ్డు మీద తిరిగి తిరిగి లేచేసరికి కాళ్లకు పసుపు ముద్దలు అంటుకుని ఉంటాయి. ఆ పుప్పొడిలోనే పంట ఉంది. వలిసెలో ఏ మొక్క పుప్పొడి ఆ మొక్కకు గింజ కట్టించదు, పక్క మొక్కది రావాలి. ఈగ వాలకపోతే చేను ఎంత విరగపూసినా మిగిలేది తాలే.

ఇది ఏటా విత్తాల్సిన పంట. ఆగస్టు, సెప్టెంబరుల్లో చల్లితే, వేరే పైరు నిలవని పలచని వాలు నేలల్లోనూ వస్తుంది. పశువులు దీని జోలికి పోవు. నల్లటి సన్నగింజలో నూనె దాదాపు 40 శాతం దాకా ఉంటుంది. సెమిలిగుడలో వలిసెపై పరిశోధన సాగుతోంది. ఒడిశాలోకెల్లా ఎత్తయిన శిఖరం దేవమాలి పేరుతో ఒక రకమే ఉంది. అమెరికాలో పెరటి పిట్టలకు మేతగా కూడా వలిసె గింజ ఎగుమతి అవుతుంది. గింజల్లో కలిసిన కలుపు విత్తనాలు మొలవకుండా వేడి చేశాకే అక్కడికి రానిస్తారు.

వలిసె పండించాలనుకునే రైతుకు నేను చెప్పేది రెండే మాటలు. పూత మీద పురుగుమందు కొట్టకండి. గట్టు మీది తొర్రచెట్టును నరకకండి. ఆ తొర్రలో తేనెపట్టు నిలిస్తేనే మీ చేలో గింజ నిలుస్తుంది.