వింటర్‌హౌస్ (నవల)

వింటర్‌హౌస్ అమెరికా రచయిత బెన్ గటర్‌సన్ ఆంగ్లంలో వ్రాసిన బాలల నవల. ఇది 2018 జనవరిలో ప్రచురితమైనది. క్లోయీ బ్రిస్టల్ ఇందులోని బొమ్మలను గీసినది. ఇది రచయిత మొదటి నవల. మంచు కొండల నడుమనున్న ఒక పురాతన హోటలు, అందులోని గ్రంథాలయం, ఒక మాయా పుస్తకం చుట్టూ కథ నడుస్తుంది. అపరాధ పరిశోధన, మంత్రశక్తి, పదక్రీడలు ఈ నవలలో కలిసి ఉంటాయి.

రచయిత

బెన్ గటర్‌సన్ నవల వ్రాయడానికి ముందు న్యూ మెక్సికో రాష్ట్రంలో ఉపాధ్యాయుడుగాను, తరువాత మైక్రోసాఫ్ట్ సంస్థలోను పనిచేశాడు.

కథా సంగ్రహం

పదకొండేళ్ళ ఎలిజబెత్ సోమర్స్ తల్లిదండ్రులు లేని పిల్ల. ఆమె పట్ల ఏమాత్రం ప్రేమలేని బంధువుల ఇంట పెరుగుతుంటుంది. క్రిస్మస్ సెలవులకు వారు ఆమెను ఒంటరిగా వింటర్‌హౌస్ హోటలుకు పంపివేస్తారు. శిక్షగా భావించిన ఆ ప్రయాణమే ఆమె జీవితాన్ని మారుస్తుంది. పుస్తకాలన్నా పొడుపు కథలన్నా ప్రాణమిచ్చే ఎలిజబెత్‌కు అక్కడి విశాలమైన గ్రంథాలయంలో పిల్లల కోసం వ్రాసిన ఒక వింత పుస్తకం దొరుకుతుంది. దానిని ఎవరికీ చెప్పకుండా తన వద్ద ఉంచుకుంటుంది. అదే సమయంలో నల్లని దుస్తులు ధరించిన హీమ్స్ దంపతులు హోటలులో అనుమానాస్పదంగా సంచరిస్తుంటారు.

హోటలు యజమాని చెల్లెలు గ్రేసెల్లా తన మంత్రశక్తిని దుర్వినియోగం చేసినదని, ఆమె తిరిగి రావడానికి ఆ పుస్తకమే కీలకమని క్రమంగా తెలుస్తుంది. వస్తువులను తాకకుండా కదిలించగల శక్తి తనలోనూ ఉన్నదని ఎలిజబెత్ గ్రహిస్తుంది. చివరకు గ్రేసెల్లా ఓడిపోతుంది. ఎలిజబెత్ హోటలు యజమానికి మనుమరాలని తేలి, ఆమెకు తనదైన ఇల్లు లభిస్తుంది.

ముఖ్య పాత్రలు

* ఎలిజబెత్ సోమర్స్ - కథానాయిక.
* ఫ్రెడ్డీ నాక్స్ - ఆమె స్నేహితుడు. అక్షరాలను తారుమారు చేసి కొత్త పదాలు కూర్చడంలో నేర్పరి. అక్రోటు పెంకులతో వంటచెరకు తయారుచేసే ప్రయత్నంలో ఉంటాడు.
* నార్‌బ్రిడ్జ్ ఫాల్స్ - హోటలు యజమాని, ఇంద్రజాల ప్రియుడు.
* లియోనా స్ప్రింగర్ - గ్రంథాలయాధికారిణి.
* మార్కస్, సెలీనా హీమ్స్ - పుస్తకం కోసం వెదికే దంపతులు. హీమ్స్ అను లాటిను పదానికి శీతకాలమని అర్థం.
* గ్రేసెల్లా - ప్రతినాయిక.

పదక్రీడలు

అధ్యాయాల శీర్షికల వద్ద పద నిచ్చెనలు కనిపిస్తాయి. ఇందులో ఒక్కో మెట్టుకు ఒక్క అక్షరాన్ని మాత్రమే మార్చుతూ ఒక పదం నుండి మరొక పదానికి చేరవలెను. ఉదాహరణకు ఆంగ్లంలో క్యాట్‌ను కాట్, కాగ్ అను పదాల మీదుగా డాగ్‌గా మార్చవచ్చును. ఈ ఆటను 1877లో లూయిస్ కారోల్ రూపొందించాడు. ఆంగ్ల అక్షరక్రమంపై ఆధారపడిన ఈ చిక్కుముడులను గుణింతాలు, ఒత్తులు గల తెలుగులోనికి యథాతథంగా తేవడం కష్టం. అనువాదకుడు వాటిని కొత్తగా కూర్చుకొనవలసి ఉంటుంది.

ఇతివృత్తం

ఒకే వంశంలో పుట్టిన ఇద్దరికి ఒకే విధమైన శక్తి లభించగా, ఒకరు దానిని స్వార్థానికి, మరొకరు ఆత్మీయులను కాపాడడానికి వినియోగించడం నవలలోని ప్రధానాంశం. తనకంటూ ఎవరూ లేని పిల్ల తన వారిని కనుగొనడం కథకు భావోద్వేగాన్ని ఇస్తుంది.

పురస్కారాలు, తరువాతి భాగాలు

ఈ నవల 2019 ఎడ్గార్ పురస్కారాలలో బాలల విభాగానికి ప్రతిపాదించబడినది. అగాథా పురస్కారానికి కూడా తుది జాబితాలో నిలిచినది. దీనికి కొనసాగింపుగా ది సీక్రెట్స్ ఆఫ్ వింటర్‌హౌస్, ది వింటర్‌హౌస్ మిస్టరీస్ అను రెండు నవలలు వెలువడి, మూడు భాగాల కథ పూర్తయినది.