పాత మారుతీ 800 నడుపుతున్నారా? బ్రేకులు, రోడ్ గ్రిప్ బాగుపడాలంటే ఈ వరుస తప్పొద్దు

మారుతీ 800.. మన దగ్గర చాలా ఇళ్లలో మొదటి కారు ఇదే. 1983 డిసెంబర్ 14న తొలి కారు తాళాలు యజమాని చేతికి అందాయి. 2014 జనవరిలో తయారీ ఆగిపోయింది. ఈ మధ్యలో దేశవ్యాప్తంగా 25 లక్షలకు పైగా అమ్ముడయ్యాయి. కాలుష్య నిబంధనల కారణంగా 2010 ఏప్రిల్ నుంచే హైదరాబాద్ సహా 13 నగరాల్లో అమ్మకాలు నిలిచిపోయాయి. అంటే ఇప్పుడు రోడ్డెక్కుతున్న ప్రతి 800 వయసు పదేళ్లు దాటిందే.

ఇంజిన్‌తో పెద్దగా పేచీ ఉండదు. 796 సీసీ బండి ఇప్పటికీ సెల్ఫ్ కొట్టగానే స్టార్ట్ అవుతుంది. ఇబ్బందల్లా ఆపే దగ్గరే. "బ్రేక్ కింద దాకా పోతోంది", "బ్రేక్ వేస్తే ఒక పక్కకి లాగుతోంది", "అరవై దాటితే ఊగుతోంది".. ఈ కారు యజమానులు మెకానిక్ షెడ్డులో చెప్పే మాటలు దాదాపు ఇవే. వీటికి మందుగా చాలామంది అలాయ్ వీల్స్, పెద్ద టైర్లు వేయిస్తారు. కానీ తేడా అక్కడ రాదు. అరిగిపోయిన భాగాలను మళ్లీ కంపెనీ ఇచ్చిన స్థితికి తెస్తేనే వస్తుంది. ఏది ముందు, ఏది తర్వాత అనేది చూద్దాం.

ఎందుకంత ముఖ్యం?

గంటకు 60 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు దాదాపు 17 మీటర్లు వెళ్తుంది. ఎదురుగా ఏదో వచ్చిందని గుర్తించి బ్రేక్ మీద కాలు పెట్టేలోపే ఆ దూరం దాటిపోతుంది. ఆ తర్వాతే బ్రేకుల పని మొదలవుతుంది. వేగం రెట్టింపైతే బ్రేక్ పడ్డాక ఆగే దూరం నాలుగింతలవుతుంది. 40లో 10 మీటర్లలో ఆగే బండికి 80లో 40 మీటర్లు కావాలి. 800లో ఏబీఎస్ లేదు. ఖాళీ బండి బరువు సుమారు 650 కిలోలే. నలుగురు పెద్దవాళ్లు, సామాను ఎక్కితే మరో 300 కిలోలు కలుస్తాయి. ఒక్కరే నడిపినప్పుడు బాగానే ఉన్న బ్రేకులు కుటుంబంతో వెళ్లినప్పుడు చాలకపోవడానికి కారణం ఇదే.

1. మొదట టైర్లు

బ్రేకులు చక్రాన్ని ఆపుతాయి, కారును ఆపేది టైరే. పాత 800లు తక్కువ తిరుగుతాయి కాబట్టి టైరు అరగకుండానే గట్టిపడిపోతుంది. గాడి లోతు చూసి మోసపోవద్దు. టైరు పక్కన డాట్ కోడ్ చివర నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. ఆరేడేళ్లు దాటినా, పక్క గోడల్లో పగుళ్లు కనిపించినా మార్చేయడం మేలు. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే ఎలాగూ వాడకూడదు. రెండే కొత్తవి కొంటే వాటిని వెనక్కి వేయించండి. వెనక టైర్లు పట్టు వదిలితే కారు గిర్రున తిరిగిపోతుంది. దాన్ని అదుపు చేయడం మామూలు డ్రైవర్ వల్ల కాదు.

2. బ్రేక్ ఆయిల్

చాలా బండ్లలో ఏళ్ల తరబడి మార్చనిది ఇదే. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక 140 డిగ్రీలకే మరగొచ్చు. డాట్ 4లో ఈ అంకెలు 230, 155. ఘాట్ రోడ్డు దిగుతూ బ్రేక్ తొక్కుతూనే ఉంటే ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు వస్తాయి. అప్పుడు పెడల్ తొక్కినా బ్రేక్ పడదు. రెండేళ్లకోసారి పాత ఆయిల్ మొత్తం తీయించి, నాలుగు చక్రాల దగ్గరా ఎయిర్ తీయించాలి. సీసా మీద డాట్ 5 అని ఉన్న సిలికాన్ రకాన్ని ఇందులో కలపకూడదు. ఇంజిన్ ఆయిల్ చుక్క పడినా లోపలి రబ్బరు ఉబ్బి పాడవుతుంది. పాతికేళ్ల రబ్బరు హోస్ పైప్‌లు ఉంటే అవి కూడా ఇప్పుడే మార్పించండి.

3. పెడల్ ఏం చెబుతోంది?

- రెండుమూడు సార్లు కొడితే పెడల్ పైకొస్తోందా? వెనక బ్రేక్ షూ, డ్రమ్ మధ్య ఖాళీ పెరిగి ఉండొచ్చు, లేదా లైన్‌లో గాలి ఉండొచ్చు.
- స్పాంజిలా మెత్తగా ఉందా? గాలి చేరి ఉండొచ్చు.
- తొక్కి పట్టుకుంటే మెల్లగా కిందికి దిగుతోందా? మాస్టర్ సిలిండర్ పోయింది, లేదా ఎక్కడో లీక్ ఉంది. ఈ బండిని షెడ్డు దాకా కూడా నడపొద్దు.
- ఒక పక్కకి లాగుతోందా? ముందు కాలిపర్ పిన్ను తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉండొచ్చు, లేదా ఒక హోస్ లోపల మూసుకుపోయి ఉండొచ్చు.

800కి ముందు డిస్క్ బ్రేకులు, వెనక డ్రమ్ములు ఉంటాయి. ముందు ప్యాడ్లు మార్చి వెనక డ్రమ్ములు విప్పకుండానే వదిలేయడం తరచూ జరిగే పొరపాటు. వెనక వీల్ సిలిండర్ కారితే ఆయిల్ షూ మీద పడి ఆ చక్రానికి బ్రేకే ఉండదు. అడ్జస్టర్ తుప్పు పట్టి కదలకపోతే ఖాళీ పెరుగుతూ పోతుంది. దీన్ని కప్పిపుచ్చడానికి హ్యాండ్ బ్రేక్ కేబుల్ బిగించేస్తుంటారు. అది రిపేరు కాదు. ప్యాడ్లు, షూలు ఎప్పుడూ రెండు పక్కలా ఒకేసారి మార్చాలి.

4. ఊగడం, తేలడం

బుష్‌లు, షాక్ అబ్జార్బర్లు, బాల్ జాయింట్లు, టై రాడ్ ఎండ్‌లు.. ఈ నాలుగూ బాగుంటే చిన్న 800 కూడా గీత గీసినట్టు వెళ్తుంది. లోయర్ ఆర్మ్ బుష్ చిరిగితే బ్రేక్ వేసినప్పుడు చక్రం వెనక్కి జరుగుతుంది, స్టీరింగ్ లాగేస్తుంది. చాలాసార్లు "బ్రేక్ ప్రాబ్లం" అనుకునేది ఇదే. షాక్ అబ్జార్బర్ పోతే గతుకుల్లో టైరు గెంతుతుంది. గాల్లో ఉన్న టైరుకు బ్రేక్ పనిచేయదు. బాడీని ఒక మూల గట్టిగా నొక్కి వదిలి చూడండి. ఒక్కసారి లేచి ఆగిపోవాలి, ఊగుతూ ఉంటే మార్చాలి. ఇవన్నీ అయ్యాకే వీల్ అలైన్‌మెంట్. వదులు భాగాలతో అలైన్‌మెంట్ చేయిస్తే వారానికే పోతుంది.

పెద్ద చక్రాలు వేస్తే?

800లో చాలావరకు కనిపించే టైరు సైజు 145/70 ఆర్12. దాని స్థానంలో 145/70 ఆర్13 వేస్తే చక్రం వ్యాసం 5 శాతం పెరుగుతుంది. మీటర్ 60 చూపిస్తుంటే నిజ వేగం 63. పైగా పెడల్‌ను అంతే గట్టిగా తొక్కినా రోడ్డు మీద బ్రేకింగ్ బలం దాదాపు 5 శాతం తగ్గుతుంది. చూడ్డానికి బాగుంటుంది కానీ ఆగడం ఆలస్యమవుతుంది. ఎత్తు తగ్గించడానికి స్ప్రింగులు కోయించడం ఇంకా ప్రమాదం. సస్పెన్షన్‌కు కదిలే చోటు తగ్గి, ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గర అడుగుకు కొట్టుకుంటుంది.

చట్టం సంగతీ గుర్తుంచుకోవాలి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ నిర్దేశించిన వివరాలకు విరుద్ధంగా మార్పులు చేయకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చింది. 15 ఏళ్లు దాటిన కారుకు ఫిట్‌నెస్ పరీక్ష నెగ్గితేనే మరో అయిదేళ్లకు రిజిస్ట్రేషన్ పొడిగిస్తారు. వింటేజ్ గుర్తింపునకు 50 ఏళ్లు నిండాలి కాబట్టి తొలి 800లకు కూడా 2033 దాకా ఆ దారి లేదు. కంపెనీ తరహాలో ఉంచుకోవడమే అన్ని రకాలా లాభం.

ఘాట్ దిగేటప్పుడు..

తిరుమల, శ్రీశైలం, అరకు లాంటి ఘాట్ రోడ్లలో దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కుతారో అదే గేరులో దిగండి. న్యూట్రల్ వద్దే వద్దు. బ్రేక్ మీద కాలు అలాగే ఉంచకుండా గట్టిగా వేసి వదులుతూ ఉండండి. వంపులోకి వెళ్లాక కాదు, వంపుకు ముందే, చక్రాలు నేరుగా ఉన్నప్పుడే వేగం తగ్గించండి. చక్రాలు జామ్ అయి బండి జారితే పెడల్ కాస్త వదిలి మళ్లీ తొక్కాలి. ఏబీఎస్ లేని బండిలో ఆ పని మీ కాలే చేయాలి.

పనంతా పూర్తయ్యాక ఖాళీ రోడ్డులో 30 వేగంతో, తర్వాత 50 వేగంతో బ్రేక్ వేసి చూడండి. బండి నేరుగా ఆగితేనే ఇంట్లో వాళ్లను ఎక్కించుకోండి.

గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. బ్రేకులు, సస్పెన్షన్ పనులు అనుభవమున్న మెకానిక్‌తోనే చేయించుకోండి.