మట్టి చెప్పే చరిత్ర: గోదావరి అటవీ సీమలో పోతనగల ఆధారాలు

భద్రాచల ప్రాంతపు ఆభరణ చరిత్ర అనగానే 17వ శతాబ్దిలో కంచర్ల గోపన్న సీతారాములకు చేయించిన నగలు స్ఫురిస్తాయి. ‘ఇక్ష్వాకు కులతిలక’ కీర్తన చింతాకు పతకం, కలికితురాయి మొదలైనవాటిని, వాటిలో కొన్నింటి వ్యయంతో సహా పేర్కొంటుంది. అయితే వాటిని చేసిన కంసాలి పేరు అందులో లేదు. సాహిత్యానికెక్కిన నగకే కర్త అజ్ఞాతుడైనప్పుడు, రాతకెక్కని ఆదివాసీ పోతనగల చరిత్రను దేని ఆధారంగా నిర్మించాలి?

ఖమ్మం–భద్రాచలం అడవులకు ఆవల బస్తరులో గడ్వాలు, పూర్వపు ఆదిలాబాదు జిల్లాలో ఓజాలు మైనపు పోతపనికి ప్రసిద్ధులు. ఓజాల డోక్రా పనికి 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది. డొల్ల వస్తువుకు ముందుగా బంకమట్టితో లోపలి దిమ్మను చేసి ఆరబెడతారు. మైనాన్ని సన్నని దారాలుగా తీసి దానిపై చుట్టి రూపం దిద్దుతారు. ఆపై మొదట మెత్తని మట్టిని, తరువాత ముతక మట్టిని పొరలుగా పూస్తారు. కాల్చినప్పుడు మైనం కరిగిపోతుంది. ఆ ఖాళీలోకి కరిగిన ఇత్తడి చేరుతుంది. చల్లారిన పిదప అచ్చును పగులగొడతారు. కనుక ఒక అచ్చుకు ఒకే వస్తువు.

ఈ విద్య శాస్త్రగ్రంథాలకు తెలియనిది కాదు. కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుని 12వ శతాబ్దపు ‘మానసోల్లాసం’ మైనపు పోతను వివరిస్తూ, వెండి ప్రతిమకు మైనపు తూకానికి 12 రెట్ల లోహం కావాలంటుంది. సాంద్రతలను బట్టి వెండి మైనానికి సుమారు 11 రెట్లు బరువు. మిగిలిన భాగం పోతగొట్టంలో నిలిచే లోహానికి సరిపోతుంది. ఇది పనివారి అనుభవం నుండి పుట్టిన లెక్క అనడానికి ఈ పొంతనే సాక్ష్యం.

1990ల నాటికి జపానులో రూపొందిన ‘మెటల్ క్లే’తో పోలిస్తే మట్టి పాత్ర మరింత స్పష్టమవుతుంది. అందులో లోహపు పొడిని నీటితో, సేంద్రియ బంధకంతో ముద్దచేసి నగగా మలుస్తారు. కాల్చినప్పుడు బంధకం దగ్ధమై, లోహ రేణువులు పూర్తిగా కరగకుండానే ఒకదానికొకటి అతుక్కుంటాయి. నగ కొంత కుంచించుకుపోతుంది. పేరు మట్టే గాని అందులో మట్టి లేదు. డోక్రాలో మాత్రం నిజమైన మట్టి రూపాన్ని మోసి, డొల్ల అందెలలోను, ప్రతిమలలోను లోపలి దిమ్మగా మిగిలిపోవచ్చు.

చరిత్రకారునికి ఈ శేషమే పత్రం. కాలిన దిమ్మను థెర్మోల్యుమినిసెన్స్ పద్ధతిలో పరీక్షించి అది ఎప్పుడు కాలిందో అంచనా వేయవచ్చు. అందలి ఖనిజాలను స్థానిక మట్టితో పోల్చి పోత జరిగిన చోటును ఊహించవచ్చు. కావున ప్రదర్శన కోసం పాత నగను శుభ్రపరిచేటప్పుడు లోపలి మట్టిని తొలగించడమంటే ఆధారాన్ని చెరపడమే. ఆ మట్టి కర్త పేరు చెప్పకపోవచ్చు. అతని కాలాన్నీ చోటునూ చెప్పగలదు. కీర్తన ఇవ్వలేకపోయినదానిలో ఇది కొంత.