రీమిక్సు: పడుగు, పేక



పెళ్ళి ఊరేగింపులలో మోగే డీజే పెట్టెల పుణ్యమా అని ‘రీమిక్సు’ అనే మాట మా కొడకండ్ల పిల్లలకు సైతం సుపరిచితమే. అయితే తెలుగునాట అడుగుపెట్టేసరికి ఆ మాటకు అర్థం మారిపోయింది. ఆ మార్పును రెండు ఉదాహరణలతో వివరించడమే ఈ వ్యాసోద్దేశం.

మొదటిది అమెరికాది. 1974లో న్యూయార్కులో పుట్టిన బ్లాండీ బృందం ‘న్యూ వేవ్’ సంగీతానికి పేరెన్నికగన్నది. దాని గాయని డెబీ హ్యారీ, 1982లో బృందం విడిపోయిన పిమ్మట ఒంటరిగా సాగింది. బృందం పాటలనూ తన సొంత పాటలనూ నృత్యశాలలకు అనువుగా మార్పించి, 1988లో ‘వన్స్ మోర్ ఇంటు ద బ్లీచ్’ ఆల్బంగా వెలువరించింది. 1978 నాటి ‘హార్ట్ ఆఫ్ గ్లాస్’ అందులో కొత్త దరువుతో వినిపిస్తుంది. గొంతు మాత్రం ఆనాటిదే. గొంతూ వాద్యాలూ టేపుపై వేర్వేరు ట్రాకులుగా భద్రపడి ఉండటమే అందుకు కారణం.

రెండవది మనది. ‘దేవుడు చేసిన మనుషులు’ (1973) చిత్రానికి రమేశ్ నాయుడు స్వరపరచగా ఎల్.ఆర్. ఈశ్వరి పాడిన ‘మసక మసక చీకటిలో’ పాటను ఎరుగనివారు అరుదు. 2000లో ‘హాయ్ రబ్బా’ ఆల్బంతో వచ్చిన స్మిత, తరువాత ఈ పాటను రీమిక్సు పేరిట పాడి యువతను ఉర్రూతలూగించింది. ‘యమగోల’ (1977)లోని ‘ఓలమ్మీ తిక్కరేగిందా’ 2007లో ‘యమదొంగ’లో జూనియర్ ఎన్టీఆర్, మమతా మోహన్‌దాస్ గొంతులతో వచ్చింది. రెండింటా వరుస పాతది, గొంతు కొత్తది.

దోషం వారిది కాదు. ఆనాటి మద్రాసు స్టూడియోలలో చాలావరకు గాయకులూ వాద్యకారులూ ఒకేసారి పాడి వాయించేవారు. అంతా కలగలిసి రికార్డయ్యేది. పాలనూ నీటినీ విడదీయాలంటే హంస కావాలి కదా!

మాది నేతకారుల ఊరు. ఒకే పడుగు మీద పేక రంగు మార్చి నేయడం ఒకటి. పాత చీరను చూసి కొత్త పడుగు మీద అటువంటిదే నేయడం మరొకటి. రెండూ నేతలే, కాని ఒకటి కావు. మొదటిదానిని పునర్మిశ్రమమనీ, రెండవదానిని పునర్గానమనీ అనడం ఉచితమని నా మనవి.

ఇది కేవలం మాటల పట్టింపు కాదు. రీమిక్సు అన్నప్పుడు పాత గొంతు ఎక్కడో అందులోనే ఉందని శ్రోత భ్రమిస్తాడు. ఈశ్వరి లేని లోటు అతనికి తెలియనే తెలియదు. ఇప్పుడు కంప్యూటరు హంస విద్య నేర్చింది. 2023లో బీటిల్స్ ‘నౌ అండ్ దెన్’ పాట కోసం జాన్ లెనన్ గొంతును పాత టేపులోని పియానో నుండి వేరుచేశారు. రేపు మన పాత గొంతులూ అలాగే బయటకు రావచ్చు. ఆనాడైనా అట్టపై మొదటి గాయని పేరు ముందుండాలి.

మీ అభిప్రాయాలు తెలుపగలరు.