సన్నని కలము, తరిమెనవాని ఆనికచెక్క

కొయ్యను త్రిప్పుచు ఉలితో గుండ్రముగా తీర్చు సాధనమునకు తెలుగున తరిమెన యని పేరు. నేడు లేత్ అను మాటయే వాడుక. మంచపుకోళ్లు, బొంగరములు దీనిమీద రూపొందినవే. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతముల శ్రోతలకు మంచపుకోడు పరిచితమైన వస్తువే. అయితే కోడును చక్కగా తీర్చిన చేయి సైతము సన్నని కలమును తీర్చుటకు తడబడును. దీనికి కారణమేమి?

సన్నని కొయ్యను రెండు మొనల నడుమ బిగించి త్రిప్పునపుడు, ఉలి సోకినంతనే దాని నడుము వెనుకకు వంగును. అందుచే కొనలు సన్నబడి, నడుము లావుగా మిగులును. పైని అలలవంటి గాట్లు పడును. మందము సగమైనచో అదే ఒత్తిడికి వంపు 16 రెట్లగును. పొడవు రెట్టింపైనచో 8 రెట్లగును.

తరిమెన పనిని గూర్చి ఫ్రాన్సు దేశీయుడు షార్ల్ ప్లూమియే 1701లో ప్రత్యేకముగా ఒక గ్రంథము ప్రకటించెను. 1800 ప్రాంతమున లండనులో హెన్రీ మాడ్‌స్లే ఉలిని చేతికి బదులు యంత్రమే పట్టి నడుపు పద్ధతిని తీర్చిదిద్దెను. ఉలి స్థిరపడినది గాని, సన్నని వస్తువు వంగుట మానలేదు. దానికి దన్ను కావలసియే యుండెను.

ఈ దన్నును పనివాడు తానే చేసికొనవచ్చును. గట్టి కొయ్యముక్కకు గాడి తీసి, నూనె రాచి, తిరుగు కొయ్యకు వెనుక ఉలికి ఎదురుగా నిలుపవలెను. ఇదే ఆనికచెక్క. రెండవ ఉపాయము: కొయ్యకు ముందే బరమాతో నడిమి రంధ్రము తొలిచి, ఇనుప ఊచకు తొడిగి, ఇరుకొనల కలమునకు కావలసిన మందముగల ఉంగరములు బిగించవలెను. కొయ్య ఆ ఉంగరములతో సమమగువరకు ఉలి నడపినచో, పది కలములు చేసినను కొలత ఒక్కటే.

మన రాష్ట్రమున కలముల చరిత్రకు రాజమహేంద్రవరము ముఖ్యస్థానము. నగల అచ్చులు చేయు పనిలోనున్న కోసూరి వెంకటరత్నముగారు, 1921లో గాంధీజీ యిచ్చిన స్వదేశీ ప్రబోధముతో ఈ దారి పట్టిరని ఆ కుటుంబము చెప్పు వృత్తాంతము. 1932లో రత్నం కలములు వెలువడినవి. 1935లో గాంధీజీ ఆ కలమును వాడి చూచి, విదేశీ కలములకు బదులుగా పనికివచ్చునని లేఖ వ్రాసిరి. అది చెక్కది కాదు; రబ్బరు, గంధకముల కలయికయగు ఎబొనైటు కడ్డీనుండి తీర్చినది. అయినను తొలుచుట, తరిమెన పట్టుట, కొలత కుదుర్చుట రెంటికిని సమానమే. వస్తువునకు ముందు అచ్చును తలచుట నగల పనివానికి అలవాటు. బంగారు వర్తకమునకు పేరుగాంచిన ప్రొద్దుటూరు వారికి ఈ మాట విప్పి చెప్పనక్కరలేదు.

అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిమెన పట్టి, లక్క రంగులద్ది చేయు బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. బొమ్మకు గుర్తింపు కలదు. దానిని తీర్చుటకు తోడ్పడు చెక్కకు ఎక్కడను పేరు లేదు. ఆనికచెక్క అంగడిలో అమ్ముడుపోదు. పనివాడు పని విరమించిన నాడు అది వంటచెరకులో కలియును. దానితోపాటు, ఏ కొయ్యకు ఎంత గాడి తీయవలెనను ఎరుకయు పోవును. మన ఊళ్ల వడ్రంగుల ఇండ్లలో ఇట్టి ముక్కలు మిగిలియున్నచో వానిని పారవేయవలదని, వాని ఉపయోగమును పెద్దలనడిగి వ్రాసియుంచుడని మేము కోరుచున్నాము.