ఇంటింట పేరుకొనిన రిమోటులు

మొన్నటి కార్తికమాసములో ఒకనాటి సాయంకాలము, బంగాళాఖాతమున వాయుగుండము బలపడుచున్నదని తెలిసి, వార్తలు చూచుటకై టెలివిజను ముందు కూర్చుంటిమి. రిమోటు కనబడలేదు. మా యిల్లు నెల్లూరునకు తూర్పున, రాత్రివేళ సముద్రపు హోరు వినవచ్చునంత దూరమున నున్నది. అటువంటి రాత్రి తుపాను కబురు తెలియకుండుట మాకు వేడుక కాదు. ఇంటిల్లపాదిమి వెదకితిమి. సోఫా దిండ్ల క్రింద ఒకటి, దేవుని గూటి ప్రక్క ఒకటి, వంటింటి అరలో పోపులడబ్బా చాటున ఒకటి, బీరువా సొరుగులో రబ్బరు బ్యాండు చుట్టి యుంచినవి నాలుగు, అటకమీది అట్టపెట్టెలో మఱి నాలుగు, వెరసి పదునొకండు రిమోటులు బయటపడినవి. మాకు కావలసినది మాత్రము వానిలో లేదు.

పదునొకండింటిని చాపమీద పరచి చూచితిమి. ఏనాడో పాతసామానులవానికి వేసివేసిన టెలివిజనులవి రెండు, మానివేసిన సెట్ టాప్ బాక్సులవి మూడు, డి.వి.డి. యంత్రమునది ఒకటి, చెడిపోయిన పాటల పెట్టెది ఒకటి, ఏ.సి.ది ఒకటి, ఫ్యానులవి రెండు. పదునొకండవది దేనిదో ఇంటిలో ఎవ్వరికిని తెలియలేదు. పని చేయుచున్న యంత్రములకు చెందినవి మూడే. తక్కిన ఎనిమిదింటిని ఇన్నాళ్లు ఎందుకు దాచితిమని ఒకరినొకరము ప్రశ్నించుకొనగా, “ఎప్పుడైనా పనికొస్తుందేమోనని” అన్నది తప్ప వేరు సమాధానము రాలేదు. ఏ యింట అడిగినను ఈ సమాధానమే వచ్చునని మా నమ్మకము.

ఒక్క రేడియోతో సరిపెట్టుకొనిన యిల్లు పదునొకండు రిమోటుల వఱకు ఎట్లు వచ్చినది? ఈ చరిత్ర అంత పాతది కాదు. మన కండ్ల యెదుట నడచినదే.

మా పెద్దల కాలమున ఇంటికి మాటలాడు యంత్రము ఒక్కటే యుండెడిది. నెల్లూరు సీమవారు 1938 జూను 16న ప్రారంభమైన మద్రాసు కేంద్రమును వినుచుండిరి. 1948 డిసెంబరు 1 నుండి విజయవాడ కేంద్రమును విన నేర్చిరి. రేడియోకు ఏటేట తపాలా కార్యాలయమున లైసెన్సు రుసుము చెల్లింపవలసి యుండెడిది. దానికి రెండు మూడు మరలు. ఒకటి స్వరము హెచ్చించుటకు, ఒకటి స్టేషను పట్టుటకు. ఆ మరలు పెట్టెకే అంటియుండుటచేత అవి కనబడకపోవుట అను మాటయే లేదు. ఇంటి యజమాని లేచి వెళ్లి త్రిప్పవలసినదే. పిల్లలు తాకరాదు.

దూరమునుండి యంత్రమును నడపవలెనను కోరిక మాత్రము రేడియోకంటెను ముందే పుట్టినది. 1898లో నికోలా టెస్లా న్యూయార్కు నగరమున ఒక తొట్టిలో చిన్న పడవను తేల్చి, తీగ లేకుండ రేడియో తరంగములతో దానిని త్రిప్పి చూపెను. ఇంటి వాడుకకు ఆ విద్య వచ్చుట మఱి కొంత ఆలస్యమైనది. 1950లో అమెరికాలోని జెనిత్ కంపెనీవారు టెలివిజనునకు పొడవైన తీగతో కట్టిన మీటల పెట్టె నొకదానిని అమ్మిరి. దాని పేరు “లేజీ బోన్స్”. మన భాషలో సోమరిపోతు అనవచ్చును. ఆ తీగ కాలికి తగిలి జనులు పడుచుండిరట. 1955లో ఆ కంపెనీలోనే యూజీన్ పాలీ యను ఇంజనీరు టార్చిలైటు వంటి దానితో వెలుగును ప్రసరింపజేసి చానెలు మార్చు పద్ధతిని కనిపెట్టెను. కాని ఎండ గదిలోనికి వచ్చినప్పుడు టెలివిజను తనంతట తానే చానెలు మార్చుకొనుచుండెను! మరుసటి యేడు రాబర్ట్ ఆడ్లర్ అనునతడు చెవికి వినబడని శబ్దముతో పనిచేయు రిమోటును చేసెను. మీట నొక్కినచో లోపల చిన్న సుత్తి అల్యూమినియపు కడ్డీని కొట్టును. ఆ ధ్వనిని టెలివిజను గుర్తించును. అందు సెల్లులు లేవు. సెల్లులు అయిపోయిన దినమున జనులు టెలివిజనే చెడిపోయినదని భ్రమపడుదురేమో యని కంపెనీవారు భయపడిరి. ఆ భయము ఎంత నిజమైనదో రిమోటును అరచేత కొట్టుకొనుచు కూర్చున్న వారందరికిని తెలియును.

మన దేశమునకు టెలివిజను 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో వచ్చినది. మద్రాసు కేంద్రము 1975లోను, హైదరాబాదు కేంద్రము 1977లోను వెలసినవి. రంగులు 1982లో వచ్చినవి. నెల్లూరు తీరపు ఊళ్లలో ఆ తొలినాళ్ల పెట్టెలకు రిమోటు లేదనుట పొరపాటు. రిమోటు ఉండెడిది, అది ఇంటిలోని చిన్న పిల్లవాడు. “ఒరే అబ్బయ్యా, లేచి కాస్త సౌండు పెంచు” అన్న వెంటనే లేవవలెను. పెద్దవాడు మిద్దెయెక్కి యాంటెనా గొట్టమును త్రిప్పుచుండగా, నడవలోనివాడు కిటికీనుండి “ఇంకొంచెం, ఇంకొంచెం, ఆగాగు, పోయింది” అని కేకలు వేయుచుండెను. సముద్రపు గాలి ఆ గొట్టమును మఱల త్రిప్పివేయగా పిల్లవాడు మఱల మిద్దె నెక్కెడివాడు. ఆ రిమోటునకు సెల్లులు అక్కరలేదు, రెండు వేరుసెనగ ఉండలు చాలును.

చానెలు ఒక్కటైనప్పుడు రిమోటుతో పనియేమి? 1990 తరువాత కేబులు తీగలు వచ్చినవి. 1995లో జెమిని, ఈ.టీ.వీ. తెలుగు ప్రసారములు మొదలయినవి. చానెళ్లు పదులకు పదులుగా పెరిగిన పిమ్మట రిమోటు అలంకారము గాక అవసరమైనది. అప్పటికిని ఇంటికి ఒక్కటే. రెండవది చట్టము వలన వచ్చినది. 2011లో కేబులు టెలివిజను చట్టమును సవరించి, ప్రసారములను డిజిటలు పద్ధతిలో సెట్ టాప్ బాక్సు ద్వారానే ఈయవలెనని నిర్ణయించిరి. మహానగరములతో 2012లో మొదలైన ఆ మార్పు 2017 నాటికి పల్లెలకు చేరినది. చానెలు మార్చుటకు బాక్సు రిమోటు, టెలివిజను వెలిగించుటకు దాని రిమోటు. ఒకటి ఉండి ఒకటి లేకున్న రెండును లేనట్లే. 2017 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వపు ఫైబర్‌నెట్ పథకము ప్రారంభమై, అంతర్జాలముతో కూడిన మఱియొక బాక్సు కొన్ని ఇండ్లకు వచ్చినది. బాక్సు మారినప్పుడెల్ల కొత్త రిమోటు వచ్చును, పాతది పోదు. ఇటీవల తక్కువ కరెంటుతో తిరుగు ఫ్యానులు వచ్చినవి, వానికిని రిమోటులే. గోడమీది మీట ఉండనే యున్నది, అయినను రిమోటుకై వెదకుచుందుము.

ఇన్నింటికి బదులు ఒక్కటి చాలదా యని పాఠకులు అడుగవచ్చును. రిమోటు కొసన చిన్న దీపము కలదు. మీట నొక్కగనే అది వెలుగును గాని, అది పరారుణకాంతి యగుటచే మన కంటికి కనబడదు. (సెల్‌ఫోను కెమెరా ముందు పట్టి మీట నొక్కినచో ఆ వెలుగు సాధారణముగా ఫోను తెరపై కనబడును, రిమోటు చెడినదో లేదో తెలిసికొనుటకు ఇది సులభమైన ఉపాయము.) ఆ దీపము సెకనుకు సుమారు 38,000 మారులు మినుకుచు, ఆ మినుకులను పొడుగు పొట్టి విరామములతో విడదీసి ఒక అంకెను పంపును. పూర్వము తంతి కార్యాలయమున కటకట శబ్దములను విన్నవారికి ఇది వింత కాదు. చిక్కెక్కడనగా, తంతివారందరు ఒకే లిపిని వాడిరి. రిమోటులు చేయువారు ఎవరి లిపి వారు వ్రాసికొనిరి. ఫిలిప్స్ వారిది ఒక సంకేతము, జపానులోని ఎన్.ఇ.సి. వారిది ఒకటి, తక్కినవారివి తక్కినవి. 1987లో స్టీవ్ వోజ్నియాక్ అన్ని సంకేతములను నేర్చుకొను రిమోటు నొకదానిని విపణిలోనికి తెచ్చెను. అట్టివి నేడు మన అంగళ్లలో చవుకగా దొరకును. మా చాపమీది పదునొకండవది బహుశః అదియే. పదింటికి బదులుగా కొనిన వస్తువు పదునొకండవదై కూర్చున్నది.

తీరమున నివసించువారికి మఱియొక బాధ కలదు. ఉప్పుగాలి ఇనుమును బ్రతుకనీయదు. రిమోటు వెనుక మూత తీసిన సెల్లుల స్ప్రింగులు త్రుప్పుపట్టి, కొసలయందు పచ్చని చిలుము కట్టియుండును. కొనితెచ్చిన దినముననే రిమోటునకు ప్లాస్టిక్ తొడుగు వేయు అలవాటును చూచి నగరములనుండి వచ్చిన బంధువులు నవ్వుదురు, నవ్వనిండు. వాడని రిమోటులోని సెల్లులు కారి లోపలి రేకులను తినివేయును గనుక, దాచదలచినవారు సెల్లులను తీసి దాచుట మేలు. మేము తీయలేదు.

ఇంతవఱకు చెప్పినవి మన చేతిలోని మీటల సంగతులు. నెల్లూరు తీరమున రిమోటులకు వేరొక చరిత్ర కూడ కలదు. అందు మీట మన చేతిలో లేదు.

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో సుమారు పదివేల మంది మరణించిరి. 1984 నవంబరులో శ్రీహరికోట ప్రాంతమున, 1989 నవంబరులో కావలి వద్ద పెద్ద తుపానులు తీరము దాటినవి. హెచ్చరిక తయారుచేయుట ఒక యెత్తు, దానిని తీరపు ఊరికి చేర్చుట మఱియొక యెత్తు. గాలి హెచ్చగనే కరెంటు పోవును, టెలిఫోను స్తంభములు కూలును. ఇక కబురు చేరుట యెట్లు? 1983లో ఇన్‌సాట్-1బి ఉపగ్రహము ఆకాశమున నిలిచిన తరువాత వాతావరణ శాఖవారు ఒక ఉపాయము చేసిరి. దక్షిణాంధ్ర తీరమునను, ఉత్తర తమిళనాడు తీరమునను సుమారు నూరు చోట్ల ప్రత్యేకమైన రేడియో పెట్టెలను అమర్చిరి. సాధారణముగా అవి మౌనముగా నుండెడివి. మద్రాసులోని తుపాను హెచ్చరిక కేంద్రమువారు ఏ జిల్లాకు కబురు పంపదలచెడివారో ఆ జిల్లా సంకేతమును పంపగా, అది 36,000 కిలోమీటర్ల ఎత్తున నున్న ఉపగ్రహమునకు ఎక్కి దిగి, ఆ జిల్లాలోని పెట్టెలను మాత్రమే మేల్కొలుపుచుండెను. మొదట సైరను మ్రోగెడిది. ప్రక్కగదిలో నున్నవారును పరుగెత్తి వచ్చెడివారు. పిమ్మట ఆయా ప్రాంతపు భాషలో హెచ్చరిక వినబడెడిది. ఇంటి రిమోటు గది యీ కొసనుండి ఆ కొసకు పనిచేయునట్లే ఇదియు పనిచేసెడిది. దానిని పలికించు చేయి మాత్రము ఊరిలోనిది కాదు. కృష్ణా ముఖద్వారము వద్ద 1990 మేలో తీరము దాటిన తుపాను వేళ ఈ పెట్టెల ద్వారా కబురు అందినది. లక్షల మందిని ముందుగా తరలించిరి. గాలి తీవ్రత 1977 నాటిదానికి తీసిపోకున్నను, చనిపోయినవారి సంఖ్య వేయిలోపుననే ఆగినది. ఈ పని అంతయు ఆ పెట్టెల గొప్ప అని మేము అనము. అధికారులు, పోలీసులు, లారీలు, తుపాను రక్షణ కట్టడములు అందరు పనిచేసిరి. కాని ఆ మొదటి సైరను లేనిచో లారీ ఎప్పుడు బయలుదేరవలెను?

అదే తీరమున శ్రీహరికోటయందు 1971 అక్టోబరు 9న మొదటి చిన్న రాకెట్టు ఎగిరినది. అప్పుడది నెల్లూరు జిల్లాలో నుండెను. 2022 ఏప్రిలులో తిరుపతి జిల్లాలో చేరినది. అక్కడి భద్రతాధికారి ముందు ఒక మీట కలదు. రాకెట్టు దారి తప్పి జనావాసములవైపు మరలునను భయము కలిగినప్పుడు దానిని ఆకాశముననే పేల్చివేయుటకు ఆ మీట. 2010 డిసెంబరు 25న జి.ఎస్.ఎల్.వి.-ఎఫ్06 రాకెట్టు ఎగిరిన నిమిషములోపున అదుపు తప్పగా, ఆజ్ఞ పంపి దానిని బంగాళాఖాతముపై నాశనము చేసిరి. ఎందరో యేండ్ల తరబడి చేసిన పనిని ఒక్క వ్రేలితో ముగించుట ఎంత కష్టమో ఊహింపవచ్చును. ఆ మీట కనబడలేదని వెదకుట అక్కడ కుదరదు.

రొయ్యల చెఱువులవారును నేడు ఇట్టి విద్యనే వాడుచున్నారు. స్టార్టరు పెట్టెలో సిమ్ము వేసి, ఇంటినుండియే ఫోను చేసి మోటారు నడపువారు కలరు. రాత్రివేళ గాలిచక్రములు ఆగినచో నీటిలో ప్రాణవాయువు తగ్గి తెల్లవారులోపల పంటంతయు పైకి తేలును. ఆ రైతునకు ఫోనే రిమోటు, దానిని ప్రక్కనుంచుకొని నిద్రించును.

2023లో దేశమున అనేకుల సెల్‌ఫోనులు ఒక్కసారిగా సైరను మ్రోగించినవి. అది ఆపద కబురు పంపు పద్ధతికి పరీక్ష. మా పొరుగువారు కొందరు ఫోను పాడైనదని భయపడిరి. మాకు మాత్రము ఆనాటి పెట్టెలు జ్ఞప్తికి వచ్చినవి.

మొన్నటి రాత్రికి మఱల వత్తము. రిమోటుకై మేమింకను వెదకుచుండగనే కరెంటు పోయినది. దానితో ఏ.సి. రిమోటు, ఫ్యాను రిమోటులు కూడ తక్కిన ఎనిమిదింటి సరసన చేరినవి. ఫోనులో చార్జి పదిశాతమున్నది. దానిని అత్యవసరమునకు దాచితిమి. అటకమీది అట్టపెట్టెలో రిమోటులతోపాటు మా నాయనగారి ట్రాన్సిస్టరు కూడ దొరికినది. అందు సెల్లులు లేవు. కొవ్వొత్తి వెలుగులో రిమోటుల వెనుక మూతలు ఒకటొకటిగా తీసితిమి. చాలవానిలో చిలుము. ఏ.సి. రిమోటువి సన్నని సెల్లులు, పట్టలేదు. దేనిదో తెలియని ఆ పదునొకండవ రిమోటులో రెండు పెన్సిలు సెల్లులు శుభ్రముగా నుండినవి. వానిని ట్రాన్సిస్టరులో వేసి మర త్రిప్పగా, గరగర నడుమ మాట వినబడినది. వాయుగుండము ఉత్తరముగా మరలినది. నెల్లూరు జాలరులు మాత్రము రెండు దినములు వేటకు పోరాదు. పొరుగింటివారిని పిలిచి చెప్పితిమి.

పోయిన రిమోటు మరునాడు ఉతుకవలసిన దుప్పటి మడతలో దొరికినది. పదునొకండవదానిని ఇంకను పారవేయలేదు. దాని సెల్లులు ట్రాన్సిస్టరులోనే యున్నవి.