కేసులా పూసిన దారి
(మోదుగ చెట్టు చెప్పే మన లంబాడీల చరిత్ర)

ఏటా ఫిబ్రవరి 15న సంత్ సేవాలాల్ మహరాజ్ జయంతి జరుపుకుంటాం. సరిగ్గా ఆ రోజుల్లోనే మన పక్క కొండల్లో ఒక చెట్టు ఆకులన్నీ రాల్చేసి మొగ్గ తొడుగుతుంది. జయంతి నుంచి హోళీ దాకా దాని పూతకాలం. పెనుకొండ కొండల వైపు, హిందూపురం చుట్టుపక్కల గుట్టల్లో, ధర్మవరం వెళ్ళే రైలు కిటికీలోంచి చూసినా అక్కడొకటి ఇక్కడొకటి నిప్పు అంటుకున్నట్టు కనిపిస్తుంది. తెలుగువాళ్ళు దాన్ని మోదుగ అంటారు, కొన్నిచోట్ల మోతుకు అంటారు. హిందూపురం దాటి కన్నడసీమలో అడుగుపెడితే అదే ముత్తుగ. మన గోర్ బోలిలో మాత్రం దాని పేరు కేసులా.

ఈ ఒక్క పేరులో మన జాతి నడిచొచ్చిన దారి దాగి ఉంది. మన పిల్లల్లో చాలామందికి పువ్వు తెలుసు, పేరు తెలియదు. అందుకే ఈ వ్యాసం.

చెట్టు సంగతి

మోదుగ పెద్ద ఎత్తు పెరగదు. మాను వంకరటింకరగా ఉంటుంది. ఒక్కో కాడకు మూడేసి ఆకులు, తోలులా మందంగా ఉంటాయి. చలికాలం చివర ఆకులు రాలిపోయాక మోడుకొమ్మల మీదే పూలు వస్తాయి. నల్లటి మఖమలు లాంటి తొడిమలోంచి నారింజ ఎరుపు రేకులు బయటికొస్తాయి. వాటిలో ఒక రేకు చిలక ముక్కులా వంగి ఉంటుంది. సంస్కృతంలో దీన్ని కింశుకం అనడానికి ఆ చిలక ముక్కే కారణమని చెబుతారు.

ఈ పూలకు వాసన లేదు. వాసన లేని పువ్వుకు విలువేమిటని లోకం అనుకోవచ్చు. కానీ మోదుగ పిలిచేది పక్షుల్ని. పక్షులకు దూరం నుంచి రంగు కనిపిస్తే చాలు. గోరింకలు, తేనెపిట్టలు, కాకులు తేనె కోసం వచ్చి ముక్కులకు, తలలకు పుప్పొడి అంటించుకుని చెట్టు నుంచి చెట్టుకు మోస్తాయి. ఉడతలు కూడా ఆ పని చేస్తాయి. ఎండాకాలం మొదట్లో అడవిలో తిండి తక్కువగా ఉన్నప్పుడు ఇంత తేనె పెట్టే చెట్లు కొన్నే.

తర్వాత బల్లపరుపు కాయ వస్తుంది. కాయకు ఒక్కటే గింజ, అదీ కొసన ఉంటుంది. మిగతా కాయంతా రెక్కలా పనిచేసి గాలిలో ఎగిరిపోతుంది. శాస్త్రవేత్తలు పెట్టిన పేరు బ్యూటియా మోనోస్పెర్మాలో రెండో మాటకు అర్థం ‘ఒకే గింజ’ అని. సారం లేని నేలలో, ఉప్పు నేలలో కూడా ఇది బతుకుతుంది. కొట్టేసినా వేళ్ళ నుంచి మళ్ళీ పిలకలు వేస్తుంది. మేకలు దీని జోలికి పెద్దగా పోవు. వానలు తక్కువైన మన సీమకు ఇలాంటి చెట్టే తగినది.

పేరు చెప్పే చరిత్ర

సంస్కృత కింశుకం ప్రాకృతంలో నలిగి కేసుఅ అయింది. గుజరాతీలో కేసూడో, హిందీలో కేసూ, టేసూ అంటారు. మన కేసులా ఆ వరసలోదే. ఇటు తెలుగు మోదుగ, కన్నడ ముత్తుగ వేరే కుటుంబం మాటలు. మన చుట్టూ శతాబ్దాలుగా మోదుగ, ముత్తుగ అనే మాటలు వినిపిస్తున్నా, మన ఆడవాళ్ళు మాత్రం ఇంట్లో కేసులా అనే అన్నారు. రాజస్థాన్, గుజరాత్ వైపు నుంచి దక్షిణాదికి వచ్చాం అని పెద్దలు చెప్పే మాటకు ఈ పువ్వు పేరు ఒక సాక్ష్యం. రాగి శాసనం లేని జాతికి ఇలాంటి మాటలే శాసనాలు.

శాస్త్రం పెట్టిన పేరుకూ ఒక కథ ఉంది. స్కాట్లాండ్ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ మన సామర్లకోటలో ఉండి మొక్కల్ని పరిశీలించాడు. 1795లో లండన్‌లో వెలువడిన తన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంలో మోదుగ బొమ్మ వేయించాడు. బ్యూటియా అన్న పేరు బ్రిటన్ ప్రధానిగా పనిచేసిన బ్యూట్ ప్రభువు గౌరవార్థం పెట్టింది. మన పువ్వు మీద ఎప్పుడూ చూడని దొర పేరు నిలిచింది. కేసులా అన్న పేరును నిలబెట్టే పని మనది.

ఎద్దుల బిడారు నుంచి రైలు పట్టాల దాకా

మన తాతముత్తాతలు లదేణి చేసినవాళ్ళు. అంటే ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దేశాలు తిరిగినవాళ్ళు. 1791-92లో టిప్పు సుల్తాన్ మీదికి కారన్‌వాలిస్ సైన్యం నడిచినప్పుడు దానికి ధాన్యం అందించినవాళ్ళలో బంజారాలు ముఖ్యులు. ఇంగ్లీషు రికార్డుల్లో వాళ్ళను బ్రింజారీలు అని రాశారు. అప్పట్లో ఈ పెనుకొండ, హిందూపురం సీమ మైసూరు రాజ్యంలో ఉండేది. 1800లో నిజాం దీన్ని కంపెనీకి అప్పగించాడు.

బిడారు దిగిన చోట అడవే ఇల్లు. మోదుగ ఆకు విస్తరి అయింది. వేళ్ళ నార తాడయింది. పువ్వు పండగ రంగయింది. చెట్టు మీద లక్క పురుగు పెరిగితే లక్క వచ్చింది. బెరడు నుంచి కారే ఎర్రటి జిగురు మందుల కోసం బజారుకు పోయింది.

పందొమ్మిదో శతాబ్దం చివర ఈ బతుకు మూడు వైపుల నుంచి ఇరుకైంది. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. బళ్ళారి నుంచి విడదీసి అనంతపురం జిల్లా ఏర్పాటు చేసిందీ అదే ఏడు. రిజర్వు అడవుల్లో ఎద్దులు మేపాలన్నా ఆకు కోయాలన్నా అనుమతి కావలసి వచ్చింది. 1890లలో గుంతకల్లు నుంచి ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మీదుగా మైసూరు సరిహద్దు దాకా రైలు నడిచింది. వంద ఎద్దులు మోసే ఉప్పును ఒక పెట్టె మోసుకుపోయాక బిడారుకు పని పోయింది. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ వర్తించింది. తిరిగే జాతులన్నిటి మీదా అనుమానపు ముద్ర పడింది. ఆ చట్టాన్ని మద్రాసులో 1947లో, దేశమంతటా 1952 ఆగస్టు 31న ఎత్తేశారు. అప్పటికి మనవాళ్ళు ఎద్దులు వదిలి, గుట్టల అంచున తాండాలు కట్టుకుని, మెట్ట సేద్యంలో, కూలి పనుల్లో కుదురుకున్నారు.

అంత కష్టంలోనూ కేసులా మాత్రం వదల్లేదు.

హోళీ రంగు

తాండాలో హోళీ అంటే లెంగీ పాటలు. ఆ ఏడు పుట్టిన మగబిడ్డకు ధూండ్ చేస్తారు. దానికి ముందు అడవి నుంచి కేసులా పూలు తెస్తారు. రాత్రంతా నీళ్ళలో నానబెడితే పసుపు నారింజ రంగు దిగుతుంది. కాగబెడితే ఇంకా చిక్కనవుతుంది. కాస్త సున్నం తగిలితే ఎరుపు పాలు పెరుగుతుంది. గుడ్డకు అద్దేవాళ్ళు పటిక కలుపుతారు. పటిక వేసినా ఎండకు, ఉతుకులకు వెలుస్తుంది. 1856లో లండన్‌లో పెర్కిన్ అనే కుర్రవాడు రసాయన రంగు కనిపెట్టాక ఇలాంటి పూల రంగులన్నీ లోకమంతటా వెనకబడ్డాయి. ఇప్పుడు తాండాలోనూ హోళీ రంగు ప్యాకెట్లలో వస్తోంది. ఆ పొడుల్లో ఏముందో మనకు తెలియదు. కేసులా నీళ్ళలో ఏముందో తెలుసు.

ఒక జాగ్రత్త. మోదుగ గింజను పాత వైద్యంలో నులిపురుగులకు వాడేవారు. దాన్ని సొంతంగా తినే ప్రయోగం ఎవరూ చేయొద్దు, పిల్లలకు అసలే పెట్టొద్దు.

మన వంతు

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కార్లు తయారవుతున్నాయి. మనలో కొందరు అక్కడ షిఫ్టులకు పోతున్నారు, కొందరు బెంగళూరులో ఉన్నారు. పోవలసిందే. మన తాతలూ పని ఉన్న చోటికే నడిచారు. కానీ వాళ్ళు నడిచినప్పుడు పేర్లను వెంట తీసుకుపోయారు. గోర్ బోలికి సొంత లిపి లేదు. మనం తెలుగులో, కర్ణాటకలో ఉన్నవాళ్ళు కన్నడంలో, మహారాష్ట్రలో ఉన్నవాళ్ళు దేవనాగరిలో రాసుకుంటున్నాం. నోట్లో పలకడం ఆగితే మాట పోతుంది.

2006 అటవీ హక్కుల చట్టం అడవిలో దొరికే ఆకు, జిగురు, లక్క లాంటి కలపేతర ఉత్పత్తులను సేకరించి అమ్ముకునే హక్కును అర్హులైన గిరిజనులకు గుర్తించింది. 2022 జూలై 1 నుంచి ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు నిషేధంలో ఉన్నాయి. మోదుగ విస్తరికి మళ్ళీ రోజులు రావచ్చు. విస్తరి కుట్టడం తెలిసిన యాడిలు ఇంకా ఉండగానే నేర్చుకోవాలి.

ఈ హోళీకి మూడు పనులు చేద్దాం. మీ తాండా దగ్గర ఎన్ని కేసులా చెట్లున్నాయో లెక్క రాయండి. రాలిన పూలే ఏరండి, కొమ్మ విరవకండి. పక్షుల తేనె పక్షులకు వదలండి. ముసలివాళ్ళ పక్కన కూర్చుని చెట్ల పేర్లు, లెంగీ పాటలు ఫోన్‌లో రికార్డు చేయండి. ఎండిన కాయలు దొరికితే వాన మొదలయ్యే ముందు తాండా గట్టున నాటండి. కాయకు ఒక్కటే గింజ అని మర్చిపోవద్దు.

జై సేవాలాల్!